ఎర్ర బండి క్లచ్

మా ముగ్గురినీ కలిపింది బండ్లే. లేకపోతే జనగామ కరెంటు ఆఫీసులో పనిచేసే నాకూ, మహబూబాబాద్‌లో ఫ్రిజ్‌లు, కూలర్లు బాగుచేసే భాయ్‌కీ, భూపాలపల్లి బొగ్గు గనిలో డంపర్ నడిపే అన్నకూ ఎక్కడ పరిచయం కావాలి? హనుమకొండలో ఒక మెకానిక్ షెడ్డు ముందు బండ్లు విప్పి పెట్టుకుని కూర్చున్న రోజున మాటలు మొదలయ్యాయి. సాయంత్రం బండ్లు తయారైనా మేము లేవలేదు.

అన్నది ఎర్ర బండి. నాదీ భాయ్‌దీ దానికి పోటీగా ఇంకో కంపెనీ తెచ్చిన నీలం బండ్లు. రెండూ ముందుకు వంగి, ట్యాంకు మీద పడుకున్నట్టు కూర్చుని నడిపే రేసు బండ్లే. పెళ్లిళ్లయి, నడుం నొప్పులు మొదలైన మగవాళ్లకు ఆ బండ్లెందుకని మా ముగ్గురి ఇళ్లలోనూ అడిగేవాళ్లు. అన్న దగ్గర దానికి జవాబుండేది.

"వారమంత ఇల్లంత బండిని మెల్లగ, బొగ్గు మోసుకుంట నడుపుత. ఆదివారం ఒక్కనాడన్న నన్ను ఉరకనియ్యరా?"

ఆదివారం పొద్దున స్టేషన్ ఘన్‌పూర్‌లో హైవే పక్క చాయ్ హోటల్ దగ్గర కలిసేవాళ్లం. నాకది దగ్గర. భాయ్ తొర్రూరు మీదుగా వచ్చేవాడు. అన్న చీకటితోనే లేచి పరకాల, హనుమకొండ దాటి అందరికంటే దూరం నుంచి వచ్చి, అందరికంటే ముందు ఉండేవాడు. మేం వెళ్లేసరికి హెల్మెట్ పక్కన పెట్టుకుని, చాయ్ తాగుతూ, "ఆగుకుంట ఆగుకుంట అచ్చిన్రా? నీలం బండ్లు గంతే తియ్" అని నవ్వేవాడు. మనిషి బక్కగా, పొడుగ్గా ఉండేవాడు. గొంతు మాత్రం పెద్దది. డంపర్ హోరులో మాట్లాడీ మాట్లాడీ ఆ గొంతు అలా అయిందని వదిన అనేది.

ఒకసారి కాజీపేట స్టేషన్ పుస్తకాల దుకాణంలో ఇంగ్లీషు మోటారు పత్రిక కనిపించింది. అట్ట మీద ఎర్ర బండి, నీలం బండి ఒకే మలుపులో పక్కపక్కన ఒరిగి ఉన్నాయి. రెండింటినీ కొండ రోడ్డు మీదా, ఊరి ట్రాఫిక్‌లోనూ నడిపి ఏది మేలో తేల్చామని రాశారు. ఇక ఆగుతానా? కొని, ఆ ఆదివారం హోటల్‌కు పట్టుకెళ్లాను. ఇద్దరూ చెరో పక్క కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. నేను చదువుతూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.

"ఇంజన్ దగ్గర ఎర్రదానికే ఎక్కువ మార్కులు."

"మరి!" అన్నాడు అన్న. పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారు.

"బ్రేకుల దగ్గర నీలంది."

"గది తప్పు. యాడ తొక్కిండు బ్రేకు? ఇసుకల్నా, తారు మీదనా? అడుగు."

"ఎవర్ని అడగాలన్నా? పత్రికనా?"

"రాసినోణ్ని అడుగు. ఫోన్ నంబర్ ఉండదా అండ్ల?"

భాయ్ పగలబడి నవ్వాడు. "మైలేజీ చదువు భయ్యా, మైలేజీ చదువు. అన్న మొఖం చూడాలె."

మైలేజీలో కూడా నీలం బండే ముందుంది. "మైలేజీ ఎవనికి గావాలె?" అన్నాడు అన్న. "మైలేజీ గావాలంటే మోపెడ్ కొనుక్కొని పాలు పోసుకుంట తిరుగుదును." వెనక సీటు గురించి వచ్చింది. రెండు బండ్ల మీదా వెనక కూర్చునే మనిషికి నరకమేనని రాశారు. ఆ ఒక్క విషయంలో ముగ్గురం ఒప్పుకున్నాం. మా ముగ్గురి భార్యల్లో ఎవరూ రెండోసారి ఆ బండ్లెక్కలేదు.

తర్వాత క్లచ్ దగ్గరికి వచ్చాను. "ఎర్ర బండి క్లచ్ చాలా మెత్తన. ట్రాఫిక్‌లో ఎంతసేపు పట్టినా చెయ్యి నొప్పి పుట్టదు. నీలందాని కన్నా ఇది ఎంతో మేలు."

అన్న అరుస్తాడని, టేబుల్ చరుస్తాడని ఎదురుచూశాం. అతను చాయ్ గ్లాసులోకి చూస్తూ, "తప్పు రాసిండు" అన్నాడు.

"నీ బండినే మెచ్చుకుంటున్నడన్నా" అన్నాను.

"తెల్సు. అయినా తప్పే. గది మెత్తగ లేదు. బండరాయి లెక్కుంటది. పరకాల దాటెటాలకు చెయ్యి గుంజుతది నాకు."

భాయ్ లేచి ఎర్ర బండి దగ్గరికి వెళ్లాడు. రెండు వేళ్లతో క్లచ్ పట్టి, వదిలి, మళ్లీ పట్టాడు. "మక్కన్ లెక్కున్నదన్నా" అని అక్కడినుంచే కేకేశాడు. నేనూ వెళ్లి పట్టి చూశాను. నిజంగానే వెన్నలా దిగుతోంది.

"మీకేం ఎర్క?" అన్నాడు అన్న. "దాన్ని నడిపేటోన్ని నేను. కేబుల్ మార్పిచ్చిన, ప్లేట్లు మార్పిచ్చిన. ఏం ఫరక్ లేదు."

ఎప్పుడూ బండిని వెనకేసుకొచ్చే మనిషి ఆ రోజు బండి మీదే ఫిర్యాదు చేస్తుంటే మాకు నవ్వొచ్చింది. పత్రిక చివరికి నీలం బండినే గెలిపించింది, అదీ వెంట్రుకవాసి తేడాతో. అన్న ఒప్పుకోలేదు. ఆఫీసులో కూర్చుని రాసేవాళ్ల తీర్పు మనకెందుకు, మన రోడ్డు మీద మనమే తేల్చుకుందాం అన్నాడు. వచ్చే ఆదివారం భూపాలపల్లికి రమ్మన్నాడు. అక్కణ్నించి కాటారం దాకా అడవి రోడ్డు. పోయేటప్పుడు ఎవరి బండి వాళ్లు, వచ్చేటప్పుడు మార్చుకుని. అదీ పందెం.

ఆ రోడ్డు గురించి చెప్పాలి. భూపాలపల్లి దాటి బొగ్గు లారీలు తగ్గాక రెండు పక్కలా చెట్లు దగ్గరికొస్తాయి. వానలు పడి వెలిసిన రోజులు. టేకాకులు కడిగినట్టు ఉన్నాయి. అన్న ముందు, మేం వెనక. మలుపుల్లో అతను ఒరిగే తీరు చూడటానికే నేను వెనక ఉండిపోయేవాణ్ని. బండిని తోసేవాడు కాదు, లాగేవాడు కాదు. మలుపు వస్తోందని బండికి ముందే చెప్పినట్టు ఉండేది.

కాటారంలో బస్టాండ్ పక్కన హోటల్లో అన్నం తిన్నాం. అన్న నీళ్ల సీసా మూత తీయబోయాడు. ఎడమ చేత్తో సీసా పట్టుకుంటే జారిపోతోంది. తొడల మధ్య ఇరికించుకుని కుడిచేత్తో తిప్పి తీశాడు. అది చేసిన తీరు చూస్తే అలవాటైన పనిలా ఉంది. భాయ్ తినడం ఆపాడు.

"అన్నా, చెయ్యి ఇటు పెట్టు."

"ఏంది?"

"పెట్టు, చూస్త."

అన్న ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ లేదు. అక్కడ గుంట పడింది. అరచేతిలో బొటనవేలి కింది ఎత్తు కూడా చదునైపోయింది. ముంజేతి చర్మం కింద ఏదో పాకినట్టు అదురుతోంది. అతను కావాలని కదిలించడం లేదు. దానంతట అదే అదురుతోంది. భాయ్ కుడిచెయ్యి కూడా తీసుకుని పక్కన పెట్టాడు. రెండూ ఒక మనిషి చేతుల్లా లేవు.

"ఎప్పటిసంది?" అని భాయ్ అడిగాడు.

"ఎండకాలం సంది." చేతులు వెనక్కి తీసుకుని, "బండిది కాదని నాకు ఎర్కే" అన్నాడు అన్న. "మెకానిక్ ఎన్నిసార్లు చెప్పిండో. అన్నా, కేబుల్ మంచిగనే ఉన్నది, అన్నా, ప్లేట్లు మంచిగనే ఉన్నయని. నేనే ఇంటలేను. బండిదే అయితే బాగుండనుకున్న."

బండ్లు మార్చుకోలేదు. తిరిగొచ్చేటప్పుడు భాయ్ ముందు, నేను వెనక, అన్న మధ్యలో. గేర్ మార్చే అవసరం రాకుండా ఒకే వేగంతో, నెమ్మదిగా వచ్చాం. ఎవరు గెలిచారని ఎవరూ అడగలేదు.

తర్వాత దవాఖానలు మొదలయ్యాయి. వరంగల్‌లో మెడ నరం నొక్కుకుపోయిందన్నారు. పట్టీ వేశారు, మందులిచ్చారు. తగ్గలేదు. హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానకు నేనే వెంట వెళ్లాను. వదిన కూడా వచ్చింది. చేతుల్లో, కాళ్లలో, చివరికి నాలుకలో కూడా సూదులు గుచ్చి పరీక్ష చేశారు. డాక్టరు వయసులో మాకంటే చిన్నదే. కుర్చీ దగ్గరికి లాక్కుని, వదిన మొహంలోకి చూస్తూ చెప్పింది. కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి. ఎందుకో ఇంకా ఎవరికీ తెలియదు. జబ్బును నెమ్మదింపజేసే మాత్ర ఉంది కానీ వెనక్కి తిప్పే మందు లేదు. చేతుల తర్వాత కాళ్లు, మింగడం, మాట, ఊపిరి. తెలివి మాత్రం చెడదు.

వదిన ఒక్కటే ప్రశ్న అడిగింది. "ఆయనకు అన్ని సమజైతుంటయా మేడం?"

"అవునమ్మా. చివరిదాకా."

వదిన చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న లేచి డాక్టరుకు దండం పెట్టాడు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని, "తమ్మీ, బండి నడపద్దని చెప్పలే గద ఆమె?" అన్నాడు. చెప్పిందో లేదో నాకు గుర్తులేదు. చెప్పలేదన్నాను.

ఆ చలికాలం వరకే నడిపాడు. గనిలో డంపర్ మీంచి దించి ఆఫీసులో కూర్చునే పని ఇచ్చారు. ఎర్ర బండి ఇంటి ముందు రేకుల కింద నిలబడింది. ఆదివారాలు మేమే భూపాలపల్లి వెళ్లడం మొదలుపెట్టాం. కాళ్లలో బలం ఉన్నన్నాళ్లు అన్నను వెనక కూర్చోబెట్టుకుని తిప్పాం. భాయ్ తన దుకాణంలో ఫ్రిజ్‌లు మోయడానికి వాడే బెల్టు గుడ్డతో నడుముకు కట్టుకునే పట్టీ కుట్టించాడు. దానికి రెండు పక్కలా పిడులు. బండి నడిపేవాళ్లం అది కట్టుకుంటే అన్న పిడుల్లో చేతులు దూర్చి కూర్చునేవాడు. మొదటిరోజు నీలం బండి వెనక సీటెక్కి ఊరి చివరిదాకా వెళ్లి వచ్చాక, "గీ సీటు ముచ్చట ఒక్కటే పత్రికోడు సరిగ్గ రాసిండు" అన్నాడు. ముగ్గురం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ భాయ్ నీళ్ల పంపు దగ్గరికి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

వెనక కూర్చుని కూడా ఊరుకునేవాడు కాదు. "మూడో గేర్ల ఎందుకు పోతున్నవ్? ఇంజన్ ఏడుస్తున్నది, ఇనబడ్తలేదా?" అని నా చెవి దగ్గర అరిచేవాడు. ఆ అరుపు నెలనెలా మెత్తబడుతూ వచ్చింది. మొదట 'ర' పోయింది. తర్వాత మాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. ఫోన్‌లో ఏం చెబుతున్నాడో అర్థం కాక నేను "ఆఁ అన్నా, ఆఁ అన్నా" అంటుంటే, వదిన ఫోన్ తీసుకుని, "నీలం బండికి కొత్త టైర్లు ఏసినవా అని అడుగుతున్నడు" అని విడమరిచి చెప్పేది. అతని మాట అందరికంటే ఎక్కువకాలం ఆమెకే అర్థమైంది.

ఆమె గురించి ఎక్కువ చెప్పలేదు నేను. పిల్లలు లేరు వాళ్లకు. ఇంట్లో ఇద్దరే. అతనికి అన్నం మెత్తగా పిసికి పెట్టేది. గొంతుకు అడ్డం పడితే వీపు నిమిరేది. మీద చెయ్యేసి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పేది. ఒకరోజు మేం వెళ్లేసరికి రేకుల కింద బండి తుడుస్తోంది. "చూస్తడు గద కిటికిలకెల్లి. దుమ్ముంటే మొఖం మాడ్సుకుంటడు" అంది. బండ్లంటే ఆమెకు ఎప్పుడూ ఇష్టం లేదు. చైన్‌కు నూనె ఎలా వేయాలో భాయ్‌ని అడిగి నేర్చుకుంది.

తర్వాతి ఏడు అదే పత్రిక మళ్లీ రెండు బండ్లనూ పోల్చింది. రెండు కంపెనీలూ కొత్త మోడళ్లు తెచ్చాయి. ఈసారి ఎర్ర బండి గెలిచింది. ఆ సంగతి చూసి నాకు పట్టరాని సంతోషం కలిగింది. భాయ్‌కి ఫోన్ చేస్తే, "ఇయ్యాలనే పోదాం. దుకాణం బంద్ జేస్త" అన్నాడు.

అన్న మంచం కిటికీ పక్కన వేసి ఉంది. అప్పటికి మాట లేదు, చేతులు లేవు. కళ్లు మూస్తే అవును, పక్కకు చూస్తే కాదు. వదిన ఒక అట్టముక్క మీద అక్షరాలు రాసి పెట్టింది. ఆమె వేలు జరుపుతుంటే కావాల్సిన అక్షరం దగ్గర కళ్లు మూసేవాడు. నేను పత్రిక అట్ట మీది బొమ్మ చూపించి, "అన్నా, గెలిచినవ్! నీ బండి గెలిచింది!" అన్నాను. భాయ్, "ఒప్పుకుంటున్నన్నా. హార్ మాన్ లియా" అని చెవులు పట్టుకున్నాడు.

అన్న నవ్వాడు. నవ్వు మాత్రం ఇంకా ఉంది. నేను మార్కులు చదవడం మొదలుపెట్టాను. ఇంజన్, బ్రేకులు, మైలేజీ. అతను కళ్లు పక్కకు తిప్పాడు. మళ్లీ చదివాను. మళ్లీ తిప్పాడు. వదిన అట్టముక్క తెచ్చింది. చాలాసేపు పట్టింది. అక్షరాలన్నీ కూడితే ఒక్క మాట వచ్చింది. 'తొవ్వ.'

నాకు వెంటనే తట్టలేదు. భాయే గ్రహించాడు. "రోడ్డు గురించి రాసింది చదువు భయ్యా. యాడ నడిపిన్రో, గది."

వ్యాసం మొదట్లో రాసినవాడు ఏదో కొండ రోడ్డు గురించి రెండు పేరాలు రాశాడు. మామూలుగా మేం దాన్ని దాటేసి మార్కులకు పోయేవాళ్లం. అది చదివాను. తెల్లవారుతుంటే బయలుదేరారట. లోయలో మంచు. తారు ఇంకా తడిగా ఉందట. ఒక మలుపు దాటగానే ఎండ మొహాన కొట్టిందట. ఎక్కడో ఇంగ్లీషు మాట తెలియకపోతే కాటారం రోడ్డు గుర్తు చేసుకుని సొంతంగా కలిపాను. టేకాకులు కలిపాను. అన్న కళ్లు మూసుకున్నాడు. అవునని కాదు, వింటున్నాడు. చదవడం అయిపోయాక కళ్లు తెరిచి నా వైపే చూశాడు. మళ్లీ మొదటినుంచి చదివాను. వదిన గోడకు ఆనుకుని నిలబడి వింది.

ఆ వానాకాలంలోనే పోయాడు. జలుబులా మొదలైంది, ఊపిరి అందలేదు. ఫోన్ వచ్చేసరికి నేను పోల్ మీద తెగిన తీగ పని చేయిస్తున్నాను. భాయ్, నేను హనుమకొండలో కలుసుకుని వెళ్లాం. పాడె మోసేటప్పుడు ఒక పక్క భాయ్ భుజం పెట్టాడు. ఎవరో ముసలాయన, "ఈయన ఎవలు?" అని అడిగితే వదిన, ఏడుపు మధ్యనే, "మా ఆయన దోస్తు" అంది. ఇంకెవరూ ఏమీ అడగలేదు.

వస్తుంటే పరకాల దగ్గర పెద్ద వాన పట్టుకుంది. మూసిన దుకాణం అరుగెక్కి నిలబడ్డాం. భాయ్ హెల్మెట్ తీయలేదు. అద్దం దించుకునే ఉన్నాడు. లోపలినుంచి మాట వచ్చింది. "ఇగ ఎవలతోని కొట్లాడాలె భయ్యా మనం?" వాన తగ్గేదాకా అలాగే ఉన్నాం.

భాయ్ ఆ ఏడాదిలోనే తన నీలం బండి తీసేసి దుకాణం సామాన్లకు ట్రాలీ ఆటో కొన్నాడు. పండక్కి సేమియా తీసుకుని వస్తాడు. పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటాం. బండ్ల ఊసు ఎత్తం. వదినకు గని ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. నీళ్లూ కాగితాలూ అందించే పని. అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మంచిగనే ఉన్న" అంటుంది. ఎర్ర బండిని ఏం చేశావని అడగడానికి నాకు నోరు రాలేదు.

మొన్న ఆఫీసు పని మీద పెద్దవంగర వైపు వెళ్లాను. ఊరు దాటాక ఎదురుగా ఎర్ర బండి వచ్చింది. చూసిన వెంటనే పోల్చుకున్నాను. ట్యాంకు మీద అడ్డంగా యూరియా బస్తా, వెనక సీటుకు కట్టిన మందు కొట్టే పంపు, చక్రాలకు పొలం బురద. జీపు ఆపించి దిగాను. నడిపేవాడు ముప్పై ఏళ్ల రైతు. మొహంలో వదిన పోలిక. ఆమెకు తమ్ముడట, పెద్దవంగర ఆమె పుట్టిల్లట. నేనెవరో చెప్పగానే బండి దిగాడు.

"మా అక్కనే ఇచ్చింది సార్. నిలవెడితే ఖరాబైతది, తిప్పురా అన్నది. మంచిగ ఉరుకుతది. జర వంగి కూసునుడే తిప్పలు, నడుము నొస్తది."

అన్న ఆ బండిని మలుపుల్లో ఎలా తిప్పేవాడో చెబుదామనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. వంగి చూస్తే చైన్ పొడిబారి ఉంది.

"చైన్‌కు నూనె వెయ్ తమ్మీ, వానలల్ల తుప్పు వడ్తది" అన్నాను.

"ఏస్త సార్" అన్నాడతను. బస్తా సర్దుకుని, బండి స్టార్ట్ చేసి, కాలువ గట్టు మీదుగా పొలాల వైపు మళ్లాడు. జీపు డ్రైవర్ హారన్ కొట్టేదాకా నేను రోడ్డు మీదే నిలబడి ఉన్నాను.